రెండు మాంగోడీబీ కలెక్షన్లను డూప్లికేట్లు లేకుండా కలపాలంటే ఏ దారి ఎప్పుడు ఎంచుకోవాలి

మాంగోడీబీ అనే డేటాబేస్‌లో రెండు కలెక్షన్లు (డాక్యుమెంట్లు అనే రికార్డుల గుంపులు) ఉన్నాయి, రెండింటిలోనూ కస్టమర్ల వివరాలే, వాళ్లలో కొంతమంది రెండు చోట్లా ఉన్నారు, ఇప్పుడు రెండింటినీ ఒకటి చేయాలి. వింటే పది నిమిషాల పనిలా ఉంటుంది. నేనూ అలాగే అనుకుని ఒకసారి చిన్న స్క్రిప్ట్ రాశాను: ఒక కలెక్షన్ నుంచి చదవడం, పాత ఐడి తీసేయడం, రెండో దాంట్లో ఇన్సర్ట్ చేయడం. సగంలో కనెక్షన్ తెగింది. పోనీలే అని మళ్లీ మొదటి నుంచి నడిపాను. మర్నాడు న్యూస్‌లెటర్ వెళ్లాక చూస్తే కొందరికి ఒకే మెయిల్ మూడేసి సార్లు చేరింది, ఎందుకంటే వాళ్లు అప్పటికే అక్కడ ఒకసారి ఉన్నారు, నేను ఇంకో రెండుసార్లు చేర్చాను. ఇందులో డేటాబేస్ తప్పేమీ లేదు, ఏది డూప్లికేటో నేను దానికి చెప్పనే లేదు.

అందుకే టూల్స్ గురించి మాట్లాడే ముందు రెండు ప్రశ్నలు తేల్చుకోమంటాను. ఇద్దరు ఒక్కరే అని దేన్ని బట్టి చెబుతారు? ఒక్కరే అని తేలాక, రెండు చోట్లా వేర్వేరు వివరాలు ఉంటే ఎవరి మాట నెగ్గాలి? ఈ రెండింటికీ జవాబు ఉంటే కింద చెప్పే దారుల్లో మీకు ఏది సరిపోతుందో దాదాపు దానంతట అదే తేలిపోతుంది. జవాబు లేకపోతే ఏ టూల్ వాడినా నాలాగే మర్నాడు కూర్చుని ఏరుకోవాలి.

ముందు కీ సంగతి

మాంగోడీబీలో ప్రతి డాక్యుమెంట్‌కీ ఐడి ఉంటుంది కదా, అదే చూసుకుంటుందిలే అనుకోవడం చాలామంది చేసే మొదటి పొరపాటు. మీరు ఏమీ ఇవ్వకపోతే ఆ ఐడి ఒక ఆబ్జెక్ట్‌ఐడి: 12 బైట్లు, అందులో 4 బైట్లు టైమ్, 5 బైట్లు ర్యాండమ్, 3 బైట్లు కౌంటర్. అంటే ఒకే మనిషి రెండు యాప్‌లలో రిజిస్టర్ అయితే రెండు వేర్వేరు ఐడీలు వస్తాయి. ఐడి మీద ఆధారపడి కలిపితే వాళ్లు ఇద్దరుగానే మిగులుతారు. ఐడి సరిపోయే సందర్భం ఒక్కటే, ఒక కలెక్షన్ రెండో దాని కాపీగా మొదలై తర్వాత విడిపోయినప్పుడు, అంటే పాత బ్యాకప్‌ని లైవ్ డేటాతో కలుపుతున్నప్పుడు లాంటివి. మిగతా అన్నిచోట్లా అసలు వ్యవహారంలోంచి వచ్చే కీ కావాలి: ఈమెయిల్, ఫోన్ నంబర్, ఇన్‌వాయిస్ నంబర్, ప్రొడక్ట్ కోడ్. ఒక్క ఫీల్డ్ చాలకపోతే రెండు మూడు కలిపి.

కీ ఎంచుకున్నాక దాన్ని శుభ్రం చేయాలి, నిజానికి టైమంతా తినేది ఇక్కడే. ఈమెయిల్ ఒకచోట పెద్ద అక్షరంతో మొదలవుతుంది, ఇంకోచోట చిన్న అక్షరంతో. మనకు ఒకటే, ఇండెక్స్‌కి (త్వరగా వెతకడానికి డేటాబేస్ కట్టుకునే సూచిక) రెండు. చివర ఒక స్పేస్ ఉంటే కంటికి కనపడదు కానీ అదీ వేరే విలువే. ఫోన్ నంబర్ అయితే మరీను: ఒక కలెక్షన్‌లో నంబర్ టైప్‌గా, ఇంకో దాంట్లో స్ట్రింగ్‌గా ఉంటే మాంగోడీబీ దృష్టిలో అవి ఎప్పటికీ కలవవు. పూర్ణాంకం 5, దశాంశంగా పెట్టిన 5.0 ఒకటే అనుకుంటుంది కానీ కోట్స్‌లో ఉన్న 5 మాత్రం వేరు. పైగా నంబర్‌గా దాచిన చోట ముందున్న సున్నాలు ఎప్పుడో పోయి ఉంటాయి, కంట్రీ కోడ్ ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. పేరుని కీగా పెట్టుకోవద్దు, సరేనా. అదే తెలుగులో టైప్ చేసిన పేరైతే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం ఒకటి చేరి ఉండొచ్చు, అచ్చం ఒకేలా కనిపించే రెండు పేర్లు ఎందుకు కలవట్లేదో అర్థం కాక తల పట్టుకుంటారు.

నేను చేసేది ఏంటంటే, అసలు ఫీల్డ్‌ని ముట్టుకోకుండా పక్కన ఇంకో ఫీల్డ్ పెడతాను, దానికి మ్యాచ్‌కీ లాంటి పేరేదో ఇచ్చి శుభ్రం చేసిన విలువ అందులో వేస్తాను: చిన్న అక్షరాలు, అటూ ఇటూ స్పేస్‌లు తీసేసి, ఫోన్ అయితే అంకెలు మాత్రమే, అదీ స్ట్రింగ్‌గా. రెండు కలెక్షన్లలోనూ ఒకే లాజిక్‌తో. పెద్ద చిన్న అక్షరాల గొడవ ఒక్కటే అయితే 3.4 వెర్షన్ నుంచి ఇండెక్స్‌కే కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమం) పెట్టుకోవచ్చు, స్ట్రెంగ్త్ 2 ఇస్తే అక్షరాల సైజ్ పట్టించుకోదు. కానీ వెతికేటప్పుడు కూడా అదే కొలేషన్ ఇవ్వాలి, లేకపోతే ఆ ఇండెక్స్ వాడదు. ఆ తలనొప్పి కంటే ప్రత్యేక ఫీల్డే నయం అని నా అభిప్రాయం.

తర్వాత, కలపడానికి ముందే, ఒక్కో కలెక్షన్‌లో విడివిడిగా డూప్లికేట్లు ఉన్నాయేమో చూడండి. అగ్రిగేషన్ పైప్‌లైన్‌లో (డేటా ఒక్కో స్టేజ్ దాటుతూ మారే వరుస) గ్రూప్ స్టేజ్‌తో ఆ కీ మీద లెక్కపెట్టి, ఒకటి కంటే ఎక్కువ వచ్చినవి మ్యాచ్ స్టేజ్‌తో పట్టుకుంటే చాలు. ఉండవులే అనుకుంటాం, దాదాపు ఎప్పుడూ ఉంటాయి. కలెక్షన్ పెద్దదైతే గ్రూప్ స్టేజ్‌కి 100 ఎంబీ మెమరీ పరిమితి తగులుతుంది, 6.0కి ముందు వెర్షన్లలో డిస్క్ వాడుకోనివ్వమని మీరే ఆప్షన్ ఇవ్వాలి. ఈ డూప్లికేట్లు ఉండగా యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువను రెండుసార్లు రానివ్వనిది) పెట్టబోతే అది తయారు కాదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పూర్వం డ్రాప్‌డప్స్ అని ఒక ఆప్షన్ ఉండేది, ఇండెక్స్ కడుతూ డూప్లికేట్లను చెప్పాపెట్టకుండా చెరిపేసేది. 3.0లో దాన్ని తీసేశారు, మంచి పని చేశారు. పాత ట్యుటోరియల్స్‌లో ఇంకా కనపడితే నమ్మకండి.

కీ ఖాళీగా ఉన్న రికార్డుల గురించి కూడా ఒక మాట. యూనిక్ ఇండెక్స్ దృష్టిలో ఆ ఫీల్డ్ లేకపోవడం అంటే నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) ఉన్నట్టే, కాబట్టి ఈమెయిల్ లేనివాళ్లు ఇద్దరుంటే రెండో అతను డూప్లికేట్ కింద లెక్క. వీళ్లను ముందే వేరే కలెక్షన్‌లోకి తీసి పక్కన పెట్టండి, కలిపే పని అయ్యాక చేత్తో చూసుకోవచ్చు.

ఎవరి మాట నెగ్గాలి

ఇది టెక్నికల్ ప్రశ్న కాదు, కానీ చివరికి డెవలపర్ నెత్తి మీదే పడుతుంది. ఒకే కస్టమర్‌కి ఒకచోట పాత అడ్రస్, ఇంకోచోట కొత్తది. ఒకచోట ఫోన్ ఉంది, ఇంకోచోట నల్. ఒకచోట సబ్‌స్క్రైబ్ అయి ఉన్నాడు, ఇంకోచోట వద్దని తీసేయించుకున్నాడు. చివరిది చూడండి, కొత్తది నెగ్గాలి అనే సూత్రం అన్నిటికీ పెట్టేస్తే వద్దన్న మనిషికి మళ్లీ మెయిల్స్ మొదలవుతాయి. కాబట్టి రికార్డు మొత్తానికి ఒక సూత్రం కాదు, ఫీల్డు ఫీల్డుకీ ఒకటి రాసుకోవాలి. పేపర్ మీద ఒక పట్టిక గీయండి: ఫీల్డ్ పేరు, రెండూ ఉంటే ఏది, ఒకటే ఉంటే ఏది. ఇది పావుగంట పని. ఆ పట్టికలో అన్ని వరుసలూ ‘ఉన్నదే ఉండనీ’ అని వస్తే సులువైన దారి చాలు, వరుసకో రకంగా వస్తే బరువైన దారి కావాలి. ఇక దారులు చూద్దాం.

యూనిక్ ఇండెక్స్ పెట్టి గుడ్డిగా ఇన్సర్ట్ చేయడం

టార్గెట్ కలెక్షన్‌లో, అంటే చివరికి అన్నీ చేరాల్సిన దాంట్లో, కీ మీద యూనిక్ ఇండెక్స్ పెట్టి, రెండో కలెక్షన్‌లోవన్నీ ఇన్సర్ట్‌మెనీతో తోసేయడం. ఉన్నవి ఈ11000 అనే డూప్లికేట్ కీ ఎర్రర్‌తో వెనక్కి వస్తాయి, లేనివి చేరతాయి. ఒక్క మెలిక ఉంది, ఆర్డర్డ్ అనే ఆప్షన్ మామూలుగా ట్రూ, అంటే మొదటి ఎర్రర్ దగ్గరే మొత్తం ఆగిపోతుంది. దాన్ని ఫాల్స్ చేస్తే తగిలినవి వదిలేసి మిగతావి ఎక్కిస్తూ పోతుంది. ఎన్నిసార్లు నడిపినా ఫలితం మారదు, నా స్క్రిప్ట్‌లో లేనిది సరిగ్గా ఇదే.

ఉన్నదాన్ని అలాగే ఉంచి కొత్తవాళ్లను మాత్రం చేర్చాలంటే ఇది చాలు, ఇంతకంటే బరువైంది అక్కర్లేదు. కానీ ఉన్న రికార్డులో ఫోన్ లేదు, కొత్త దాంట్లో ఉంది, దాన్ని తెచ్చి పెట్టాలి అంటే ఇది చేయలేదు, కొత్త సమాచారాన్ని చెత్తబుట్టలో వేసి ముందుకు పోతుంది. ఎర్రర్లు వచ్చినప్పుడు అన్నీ ఈ11000లేనా అని కూడా చూడాలి, ఆ గుంపులో వేరే ఎర్రర్ ఏదైనా కలిసిపోతే గమనించం.

డంప్, రీస్టోర్, ఇంపోర్ట్

రెండు కలెక్షన్లూ వేర్వేరు సర్వర్ల మీద ఉంటే మొదట గుర్తొచ్చేది మాంగోడంప్‌తో కాపీ తీసి మాంగోరీస్టోర్‌తో ఎక్కించడం. రీస్టోర్ చేసేది ఇన్సర్ట్ మాత్రమే, అప్‌డేట్ చేయదు. ఒకే ఐడి ఉన్న డాక్యుమెంట్ అక్కడ ఉంటే దాన్ని ముట్టుకోదు. బాగానే ఉంది, కానీ ఐడీలు వేరైతే, ఆ కలెక్షన్ మీద వేరే యూనిక్ ఇండెక్స్ ఏదీ లేకపోతే, అన్నిటినీ కొత్తవాళ్లుగా చేర్చేస్తుంది. అంటే కలపడానికి ఇది పనికొచ్చే పరికరం కాదు, మోసుకెళ్లడానికి పనికొచ్చేది. ఇంకో హెచ్చరిక: రీస్టోర్‌లో డ్రాప్ అనే ఆప్షన్ ఉంది, అది ఎక్కించే ముందు అక్కడున్న కలెక్షన్‌ని తీసిపారేస్తుంది. వేరే పనికి రాసుకున్న కమాండ్‌ని కాపీ కొట్టి నడిపేవాళ్లకు ఇది గండం.

మాంగోఇంపోర్ట్ కొంచెం తెలివైంది. దానికి మోడ్ ఇవ్వొచ్చు: ఇన్సర్ట్, అప్‌సర్ట్ (ఉంటే మార్చు, లేకపోతే చేర్చు), మెర్జ్, డిలీట్. ఏ ఫీల్డ్ మీద పోల్చాలో అప్‌సర్ట్‌ఫీల్డ్స్‌లో చెప్పొచ్చు. అప్‌సర్ట్ మోడ్ అయితే దొరికిన డాక్యుమెంట్ మొత్తాన్ని కొత్తదానితో మార్చేస్తుంది, మెర్జ్ మోడ్ అయితే ఫీల్డులను కలుపుతుంది. డేటా మీకు సీఎస్‌వీ ఫైల్‌గానో జేసన్‌గానో బయటి నుంచి వస్తుంటే ఇదే తగింది. ఆ ఫీల్డ్ మీద ఇండెక్స్ లేకపోతే ఒక్కో వరుసకీ కలెక్షన్ మొత్తం గాలిస్తుంది కాబట్టి నత్తనడకలా ఉంటుంది, ముందు ఇండెక్స్ పెట్టండి. ఇక సీఎస్‌వీలో టైప్‌లు పోతాయి, తేదీ కాస్తా స్ట్రింగ్ అవుతుంది, ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, పైన చెప్పిన కీ గొడవంతా మళ్లీ మొదటికొస్తుంది. మాంగో నుంచి మాంగోకే అయితే సీఎస్‌వీ దారి పట్టకండి.

వేర్వేరు సర్వర్లు అయినప్పుడు నేను చేసేది ఇది: డంప్ తీసి, టార్గెట్ సర్వర్‌లో వేరే పేరుతో ఒక తాత్కాలిక కలెక్షన్‌గా రీస్టోర్ చేస్తాను, పేరు మార్చడానికి ఎన్‌ఎస్‌ఫ్రమ్, ఎన్‌ఎస్‌టు అనే ఆప్షన్లు ఉన్నాయి. ఇప్పుడు రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి కాబట్టి కింద చెప్పేది వాడుకోవచ్చు.

మెర్జ్ స్టేజ్

ఇది 2019లో 4.2 వెర్షన్‌తో వచ్చింది, చాలా సందర్భాల్లో నా ఓటు దీనికే. అగ్రిగేషన్ పైప్‌లైన్ చివర మెర్జ్ స్టేజ్ పెడితే, వచ్చిన ప్రతి డాక్యుమెంట్‌నీ టార్గెట్ కలెక్షన్‌లో వెతికి, దొరికితే ఏం చేయాలి, దొరక్కపోతే ఏం చేయాలి అని మీరు చెప్పినట్టు చేస్తుంది. డేటా సర్వర్ దాటి బయటికి రాదు, మీ ల్యాప్‌టాప్ కనెక్షన్ మీదుగా లక్షల డాక్యుమెంట్లు అటూ ఇటూ తిరగవు, అందుకే వేగం.

ఆన్ అనే చోట కీ ఇస్తారు. ఏమీ ఇవ్వకపోతే ఐడి తీసుకుంటుంది, పైన చెప్పిన పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే, పైప్‌లైన్ చక్కగా నడిచినట్టు కనపడుతుంది, కలెక్షన్ మాత్రం రెండింతలవుతుంది. ఐడి కాక వేరే ఫీల్డ్ ఇస్తే దాని మీద టార్గెట్‌లో యూనిక్ ఇండెక్స్ ఉండి తీరాలి, లేకపోతే పని మొదలే పెట్టదు. ఈ పట్టుదల నాకు నచ్చుతుంది, మనం మర్చిపోయినా అది మర్చిపోదు. ఆ ఇండెక్స్ స్పార్స్ (ఆ ఫీల్డ్ ఉన్న డాక్యుమెంట్లనే పట్టించుకునేది) అయినా ఫరవాలేదు, పార్షియల్ ఇండెక్స్ (షరతుకు సరిపోయినవాటినే పట్టించుకునేది) మాత్రం కుదరదు.

వెన్‌మ్యాచ్డ్‌కి అయిదు రకాల జవాబులు ఇవ్వొచ్చు. కీప్‌ఎగ్జిస్టింగ్ అంటే ఉన్నదే ఉండనీ. రీప్లేస్ అంటే పాతది పూర్తిగా పోయి కొత్తది వస్తుంది, పాతదాంట్లో మాత్రమే ఉన్న ఫీల్డులు కూడా పోతాయి, ఇది గుర్తుండాలి. ఫెయిల్ అంటే తగలగానే ఆగిపో. మెర్జ్ అంటే రెండింటినీ కలుపు, ఏమీ చెప్పకపోతే ఇదే. అయిదోది ఒక చిన్న పైప్‌లైన్ రాసివ్వడం.

పేరు చూసి మెర్జ్ ఎంచుకుంటారు అందరూ, పేరే అలా ఉంది మరి. కానీ అది పైపైన కలుపుతుంది. పై వరుస ఫీల్డులను మాత్రమే చూస్తుంది, లోపల ఉన్న సబ్‌డాక్యుమెంట్లలోకి దిగదు. అడ్రస్ అనే సబ్‌డాక్యుమెంట్ పాతదాంట్లో వీధి, ఊరు, పిన్ కోడ్‌తో నిండుగా ఉండి, కొత్తదాంట్లో ఊరు ఒక్కటే ఉంటే, కలిసిన తర్వాత ఊరు ఒక్కటే మిగులుతుంది. అర్రేలదీ అదే కథ, కొత్త అర్రే వచ్చి పాతదాన్ని తుడిచేస్తుంది. కొత్తదాంట్లో ఫోన్ నల్ అని రాసి ఉంటే ఆ నల్ కూడా ఒక విలువే, పాత నంబర్ మీద కూర్చుంటుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, రెండు వారాల తర్వాత ఎవరో ‘ఈయన నంబర్ ఉండాలే’ అంటారు.

అందుకే ఫీల్డుకో సూత్రం ఉన్నవాళ్లు అయిదోదానికి పోవాలి. ఆ పైప్‌లైన్ లోపల, టార్గెట్‌లో ఉన్న పాత డాక్యుమెంట్ ఫీల్డులు మామూలుగా అందుతాయి, కొత్తదాన్ని న్యూ అనే వేరియబుల్‌తో పిలవొచ్చు, దాని ముందు రెండు డాలర్ గుర్తులు ఉంటాయి. ఫోన్ పాతది ఉంటే పాతది, నల్ అయితే కొత్తది అని ఇఫ్‌నల్‌తో ఒక్క లైన్‌లో చెప్పేయొచ్చు. ట్యాగ్‌ల అర్రేలను సెట్‌యూనియన్‌తో కలపొచ్చు. ఏది తర్వాత అప్‌డేట్ అయిందో ఆ అడ్రస్ తీసుకో అని కాండ్‌తో రాయొచ్చు. వద్దన్నవాళ్లను ఏ ఒక్కచోట వద్దన్నా వద్దన్నట్టే లెక్కవేయొచ్చు. ఖాళీ స్ట్రింగ్ మాత్రం నల్ కాదు, ఇఫ్‌నల్ దాన్ని అసలు విలువగానే చూస్తుంది, దానికి విడిగా షరతు పెట్టుకోవాలి. మీరు పేపర్ మీద గీసిన పట్టికే ఇక్కడ కోడ్ అవుతుంది, వరుసకు ఒక లైన్.

ఇందులో ఒక్క పని మాత్రం చేయకండి: కూడికలు. రెండు చోట్ల ఉన్న రివార్డ్ పాయింట్లు కలపాలి కదా అని పాతది ప్లస్ కొత్తది అని రాస్తే, మొదటిసారి నడిపినప్పుడు కరెక్టే. మధ్యలో ఏదో ఆగి మళ్లీ నడిపితే అప్పటికే కలిసినవాళ్లకు మళ్లీ కలుస్తాయి. మెర్జ్ మొత్తం ఒకేసారి జరిగే పని కాదు, సగంలో ఆగితే అప్పటిదాకా రాసినవి రాసినట్టే ఉంటాయి, ట్రాన్సాక్షన్ (అంతా జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే కట్టు) లోపల పెట్టడానికీ వీల్లేదు. కూడాల్సి వస్తే రెండు మొత్తాలనూ వేర్వేరు ఫీల్డులుగా తెచ్చుకుని, తర్వాత వాటి నుంచి మొత్తం లెక్కకట్టండి, ఎన్నిసార్లు చేసినా అదే వస్తుంది.

ఇంకో చోట కూడా అందరూ తడబడతారు, కీ ఈమెయిల్ అయినప్పుడు కొత్త డాక్యుమెంట్‌తో పాటు దాని ఐడి కూడా వస్తుంది. రీప్లేస్, మెర్జ్ వాడితే ఆ ఐడీని పాతదాని మీద రాయబోయి ఎర్రర్ కొడుతుంది, ఐడి మార్చడం కుదరదు కాబట్టి. విరుగుడు, మెర్జ్‌కి ముందు స్టేజ్‌లో ఐడి తీసేయడం. కానీ ఊరికే తీసేయకండి, పాతఐడి అనే ఫీల్డులోకి కాపీ చేసి తీయండి. ఎందుకో చివర్లో చెబుతాను.

యూనియన్‌విత్, గ్రూప్, అవుట్

మెర్జ్ అనేది అప్పటికే ఉన్న కలెక్షన్‌ని అక్కడికక్కడే మారుస్తుంది. అది భయంగా ఉంటే, లేదా రెండు కాదు నాలుగైదు కలెక్షన్లు ఉండి అన్నీ సమాన హోదాలో ఉంటే, అంటే ఏదీ అసలుది కాకపోతే, ఈ దారి బాగుంటుంది. యూనియన్‌విత్ 2020లో 4.4తో వచ్చింది, కలెక్షన్లను ఒకదాని వెనక ఒకటి పేరుస్తుంది. పేరుస్తుంది అంతే, డూప్లికేట్లు తీయదు. ఎస్‌క్యూఎల్ నుంచి వచ్చినవాళ్లు పేరులో యూనియన్ ఉంది కదా అని పొరబడతారు, ఇది అక్కడి యూనియన్ ఆల్ లాంటిది. డూప్లికేట్లు తీసేది తర్వాత వచ్చే గ్రూప్ స్టేజ్. ముందు అప్‌డేట్ అయిన తేదీ మీద సార్ట్ చేసి, కీ మీద గ్రూప్ చేస్తూ మెర్జ్‌ఆబ్జెక్ట్స్‌తో కలిపితే, పాతవాటి మీద కొత్తవి పేరుకుంటూ ఒక్కో మనిషికి ఒక్క డాక్యుమెంట్ తయారవుతుంది. పైపైన కలిపే గుణం, నల్ పెత్తనం ఇక్కడా ఉన్నాయి.

చివర అవుట్ స్టేజ్‌తో కొత్త పేరు ఉన్న కలెక్షన్‌లోకి రాయండి. అవుట్ పని పూర్తయ్యేదాకా ఆ పేరుతో ఏమీ మారదు, పూర్తయ్యాకే కొత్తది ఆ పేరు తీసుకుంటుంది, మధ్యలో విఫలమైతే ఏమీ జరగనట్టే. ఇది మెర్జ్‌లో లేని సుఖం. కానీ అదే అవుట్‌కి అప్పటికే ఉన్న కలెక్షన్ పేరు ఇస్తే ఆ కలెక్షన్‌లోని డేటా అంతా పోయి కొత్తది కూర్చుంటుంది, కలపడం ఉండదు. పేరు రెండుసార్లు చూసుకుని ఎంటర్ నొక్కండి. షార్డ్ చేసిన (పలు సర్వర్ల మీదికి పంచిన) కలెక్షన్‌లోకి అవుట్ రాయలేదు, అక్కడ మెర్జే గతి.

ఈ దారికి లోపం ఏంటంటే, మీరు నడుపుతున్నప్పుడు పాత కలెక్షన్లలోకి కొత్త రాతలు వస్తూ ఉంటే అవి జారిపోవచ్చు. సైట్‌ని కాసేపు ఆపగలిగినవాళ్లకు బాగుంటుంది. ఆపలేనివాళ్లు మెర్జ్ వాడి, మళ్లీ మళ్లీ నడుపుతూ అందుకోవచ్చు.

సొంత స్క్రిప్ట్, బల్క్‌రైట్

కీ ఒక్కటీ సరిపోవట్లేదు, ఈమెయిల్ కలిస్తే ఒకరే, లేదా ఫోన్ కలిసి ఇంటిపేరు కూడా కలిస్తే ఒకరే, లేకపోతే అనుమానం జాబితాలోకి పంపాలి, ఇలాంటి సూత్రాలుంటే పైప్‌లైన్‌లో రాయడం నరకం. పైథాన్‌లోనో నోడ్‌లోనో స్క్రిప్ట్ రాసుకోండి. ఒక్కో రికార్డుకీ అప్‌డేట్‌వన్, అప్‌సర్ట్ ట్రూ, వెయ్యో రెండు వేలో పోగయ్యాక బల్క్‌రైట్ (అన్నీ ఒక్కసారిగా పంపడం). మొదటిసారి చేరేటప్పుడు మాత్రమే రాయాల్సినవి సెట్‌ఆన్‌ఇన్సర్ట్‌లో, అర్రేలో చేరాల్సినవి యాడ్‌టుసెట్‌లో పెట్టండి, పుష్ వాడితే రెండోసారి నడిపినప్పుడు అర్రే లోపల డూప్లికేట్లు పుడతాయి.

అప్‌సర్ట్ ఉంటే యూనిక్ ఇండెక్స్ ఎందుకు అని అడిగేవాళ్లు ఉన్నారు. ఉండాలి. వేగం కోసం స్క్రిప్ట్‌ని రెండు మూడు కాపీలుగా ఒకేసారి నడిపితే, ఇద్దరూ ఒకే ఈమెయిల్ కోసం ఒకే క్షణంలో వెతికి, ఇద్దరికీ దొరక్క, ఇద్దరూ ఇన్సర్ట్ చేస్తారు. ఇండెక్స్ ఉంటే రెండో అతనికి ఎర్రర్ వస్తుంది, లేకపోతే డూప్లికేట్ వస్తుంది. వెతికి, లేదని చూసి, తర్వాత ఇన్సర్ట్ చేసే కోడ్ అయితే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

స్క్రిప్ట్‌తో వచ్చే గొప్ప లాభం లాగ్. ఎవరిని ఎవరితో కలిపారు, ఏ ఫీల్డ్ ఏది నెగ్గింది అని ఒక కలెక్షన్‌లో రాసి పెట్టుకోవచ్చు. నిదానంగా నడుస్తుంది, అది నిజమే, ఎక్కువ కోడ్, ఎక్కువ బగ్‌లు, అదీ నిజమే.

అసలు కలపకపోవడం

దీన్ని ఎవరూ దారిగా లెక్కపెట్టరు. రిపోర్ట్‌లో రెండూ కలిపి చూపించడం ఒక్కటే అవసరమైతే యూనియన్‌విత్, గ్రూప్ పెట్టి ఒక వ్యూ (కలెక్షన్‌లా కనిపించే, దాచిపెట్టిన పైప్‌లైన్) చేసేయండి. వ్యూ చదవడానికి మాత్రమే, దానికి సొంత ఇండెక్స్‌లు ఉండవు, తెరిచిన ప్రతిసారీ ఆ గ్రూప్ అంతా మళ్లీ జరుగుతుంది, కాబట్టి పెద్ద డేటాకి బరువే. కానీ చిన్నదానికి, నెలకోసారి చూసేదానికి, ఏదీ చెడదు అనే ధైర్యం ఒక్కటి చాలు.

మరి మీకు ఏది

కొత్తవాళ్లు చేరితే చాలు, ఉన్నవాళ్లను కదపక్కర్లేదు అంటే యూనిక్ ఇండెక్స్, ఆర్డర్డ్ ఫాల్స్ ఇన్సర్ట్, లేదా మెర్జ్‌లో కీప్‌ఎగ్జిస్టింగ్. రెండూ ఒకే ఫలితం ఇస్తాయి, ఒకే సర్వర్ అయితే రెండోది వేగం. ఫీల్డుకో సూత్రం ఉండి, కీ స్పష్టంగా ఉంటే మెర్జ్‌లో పైప్‌లైన్, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. చాలా కలెక్షన్లు, సైట్ ఆపగలరు, ఉన్నదాన్ని ముట్టుకోవాలంటే భయం, అలాగైతే యూనియన్‌విత్ నుంచి అవుట్ దాకా. ఫైల్ బయటి నుంచి వస్తే మాంగోఇంపోర్ట్‌తో ముందు తాత్కాలిక కలెక్షన్‌లోకి, తర్వాత మెర్జ్. మనిషి కళ్లతో చూడాల్సిన అనుమానాలు ఎక్కువుంటే స్క్రిప్ట్. మీ వెర్షన్ 4.2 కంటే పాతదైతే కూడా స్క్రిప్టే, మెర్జ్ అక్కడ లేదు.

ఏదైనా సరే, ముందు డంప్ తీసి, దాన్ని ఇంకోచోట రీస్టోర్ చేసి నిజంగా తెరుచుకుంటోందో లేదో చూసి, ఆ కాపీ మీదే మొదటిసారి నడపండి. రెండోసారి కూడా నడపండి, కావాలనే. రెండోసారి తర్వాత లెక్క మారిందంటే ఎక్కడో కూడికో, పుష్‌షో, లేని ఇండెక్సో ఉంది.

లెక్క ఎలా సరిచూడాలంటే, మొదటి కలెక్షన్‌లో ఉన్నవి, రెండో దాంట్లో ఉన్నవి కూడి, రెండింట్లోనూ ఉన్నవి తీసేయాలి. 8,000, 5,000, ఉమ్మడిగా 1,200 అయితే 11,800 రావాలి. ఉమ్మడి ఎన్నో కలపడానికి ముందే లుకప్‌తో (ఒక కలెక్షన్‌లోవాటిని ఇంకో దాంట్లో వెతికే స్టేజ్) లెక్కపెట్టి రాసుకోండి, కలిపాక లెక్కపెట్టలేరు. కౌంట్‌డాక్యుమెంట్స్ వాడండి, ఎస్టిమేటెడ్ కౌంట్ మెటాడేటా చూసి చెప్పేది, ఈ పనికి దాన్ని నమ్మొద్దు. లెక్క సరిపోయినా ఒక ఇరవై రికార్డులు తీసి కంటితో చూడండి, ముఖ్యంగా సబ్‌డాక్యుమెంట్లు, నల్ ఉన్నవి.

ఇక పాతఐడి సంగతి. ఆర్డర్లు, టికెట్లు, కామెంట్లు, ఇవన్నీ కస్టమర్ ఐడీని పట్టుకుని ఉంటాయి. ఇద్దరిని ఒకరిగా చేసినప్పుడు ఒక ఐడి మాయమవుతుంది, దాన్ని పట్టుకున్న ఆర్డర్లు గాల్లో వేలాడతాయి. మాంగోడీబీ దీనికి ఎర్రర్ ఇవ్వదు, ఫారిన్ కీ లాంటి కాపలా అక్కడ లేదు. పాతఐడి ఫీల్డ్ ఉంటే దాన్ని బట్టి ఆర్డర్లన్నిటినీ కొత్త ఐడీకి మార్చొచ్చు, వెయ్యేసి చొప్పున బల్క్‌రైట్‌తో. పాతఐడి మీద ఒక ఇండెక్స్ వేసుకోండి. వెన్‌మ్యాచ్డ్‌లో పైప్‌లైన్ రాసినవాళ్లు పాతఐడీని కూడా అందులో ఒక లైన్‌గా చేర్చాలి, లేకపోతే కొత్తగా చేరినవాళ్లకే ఉంటుంది, కలిసిపోయినవాళ్లకు ఉండదు, కావాల్సింది ముఖ్యంగా వాళ్లకే. ఆర్డర్లన్నీ మారాక, కస్టమర్ దొరకని ఆర్డర్ ఒక్కటి కూడా లేదని లుకప్‌తో తేలాక, అప్పుడు పాత కలెక్షన్ పేరు మార్చి ఓ నెల పక్కన పడేయండి, డిలీట్ సంగతి ఆ తర్వాత.